మంచు, అంచు, అంచనా

2015 జనవరి 26, సోమవారం. న్యూయార్క్‌లో సాయంత్రానికే వీధులు ఖాళీ అయిపోయాయి. రెండడుగుల మంచు పడొచ్చని, అంతకు మించినా ఆశ్చర్యం లేదని అంచనాలు చెప్పాయి. నగర చరిత్రలోనే అతి పెద్ద మంచు తుఫాను కావచ్చని మేయర్ హెచ్చరించారు. రాత్రి 11 గంటలకు సబ్‌వే రైళ్లు ఆపేశారు. మంచు పడుతుందన్న కారణంతో మొత్తం సబ్‌వేను మూసేయడం అదే మొదటిసారి. తెల్లారి చూస్తే సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు. తక్కువేమీ కాదు గానీ, ముందు రోజు జరిగిన హడావిడికి అది ఏ మూలకూ చాలదు. పక్కనే న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా ప్రాంతాలకు అంచనాలు ఇచ్చే వాతావరణ కార్యాలయం అధిపతి గ్యారీ షాట్‌కౌస్కీ ట్విటర్‌లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మేం సరిగ్గా చెబుతామని నమ్మి మీరు కష్టమైన నిర్ణయాలు తీసుకున్నారు, మేం సరిగ్గా చెప్పలేకపోయాం అన్నది ఆయన మాటల సారాంశం.

తుఫాను రాలేదని చాలామంది అనుకున్నారు. నిజానికి వచ్చింది. మాన్‌హటన్‌కు తూర్పున 50 మైళ్ల దూరంలో ఉన్న ఐస్లిప్‌లో రెండడుగులు పడింది. బోస్టన్‌లోనూ అంతే. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో 34.5 అంగుళాలు పడి ఆ ఊరి రికార్డు బద్దలైంది. అల్పపీడనం పుడుతుందని, వేగంగా బలపడుతుందని, తీరం వెంట ఉత్తరానికి వెళుతుందని వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లు ముందే చెప్పాయి, అలాగే జరిగింది. తప్పిందల్లా దాని పడమటి అంచు. అనుకున్న చోటు కంటే కొన్ని పదుల మైళ్లు తూర్పుకు జరిగింది. వందల మైళ్ల మేర పరుచుకున్న ఒక సుడిలో అది చిన్న తేడా. కాకపోతే ఆ కాస్త జాగాలోనే 80 లక్షల జనాభా ఉన్న నగరం ఉంది.

మంచు తుఫాను అంచనాలు ఎందుకు తప్పుతాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. తుఫాను వస్తుందా రాదా అన్నది ఇప్పుడు అంత కష్టమైన లెక్క కాదు. దాని అంచు ఎక్కడ పడుతుందన్నదే కష్టం. ఆ అంచుకు ఇటున్నవాళ్లకు, అటున్నవాళ్లకు రెండు వేర్వేరు తుఫానులు కనబడతాయి.

వాన విషయంలో ఇంత గొడవ ఉండదు. అంగుళం వాన పడుతుందని చెప్పి ముప్పావు అంగుళమే పడితే ఎవరూ లెక్క అడగరు. గొడుగు తెచ్చుకున్నవాళ్లు తడవరు, అంతే. అదే నీరు మంచుగా పడినప్పుడు సంగతి వేరు. అంగుళం నీటికి పది అంగుళాల మంచు అన్నది పాతకాలం నుంచీ వాడుతున్న లెక్క. ఆ ప్రకారం పావు అంగుళం నీటి తేడా రెండున్నర అంగుళాల మంచు తేడా అవుతుంది. వానలో కంటికి ఆనని తప్పును మంచు పదింతలు చేసి రోడ్డు మీద పరిచి చూపిస్తుంది. అంచనా వేసేవాళ్ల నైపుణ్యం రెండు రోజులూ ఒకటే. మంచు రోజున మాత్రం దొరికిపోతారు.

పైగా ఆ పది అన్న అంకెకు కూడా నిలకడ లేదు. సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచు బరువుగా ఉంటుంది. అంగుళం నీటికి అయిదారు అంగుళాలే వస్తుంది. బాగా చలిగా ఉన్నప్పుడు పడే పొడి మంచు దూదిలా తేలికగా ఉండి, అదే నీటికి ఇరవై అంగుళాలైనా వస్తుంది. మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న గాలిలో కొమ్మలు కొమ్మలుగా విచ్చుకునే నక్షత్రాల్లాంటి స్ఫటికాలు జోరుగా పెరుగుతాయి. మేఘంలో గాలి బలంగా పైకి లేచే చోటు సరిగ్గా ఈ పొరలోనే ఉంటే మంచు గుట్టలుగా పేరుకుంటుంది. ఆ చోటు కాస్త కిందికో పైకో జరిగితే స్ఫటికాలు సన్నటి సూదుల్లాగో, పలకల్లాగో తయారై ఒత్తుగా సర్దుకుంటాయి. కాబట్టి ఎంత నీరు పడుతుందో మోడల్ చుక్క తేడా లేకుండా చెప్పినా, నేల మీద మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందన్నది తప్పొచ్చు.

ఇక వాన ఎక్కడ ఆగి మంచు ఎక్కడ మొదలవుతుందన్నది మరో తలనొప్పి. అమెరికా తూర్పు తీరంలో వాషింగ్టన్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి. ఒకవైపు అట్లాంటిక్ మీది వెచ్చటి తేమ గాలి, మరోవైపు అపలాచియన్ కొండల పక్కన చిక్కుకున్న చలిగాలి. శీతాకాలపు తుఫాను వచ్చినప్పుడు ఈ రెండూ కలిసే గీత తరచూ ఆ నగరాల మీదే పడుతుంది. తుఫాను కేంద్రం తీరానికి దగ్గరగా వెళితే వెచ్చటి గాలి లోపలికి చొరబడి నగరాల్లో వాన పడుతుంది. మరీ దూరంగా వెళితే మంచు సముద్రంలో పడుతుంది. మధ్యలో ఒక సన్నటి దారి ఉంటుంది. న్యూ ఇంగ్లాండ్ వాతావరణ నిపుణులు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటును గుర్తుగా పెట్టుకుని, తుఫాను దానికి ఇవతల నుంచి వెళుతోందా అవతల నుంచి వెళుతోందా అని చూస్తారు.

గీత నేల మీద మాత్రమే ఉంటే కొంత నయం. అది ఆకాశంలో కూడా ఉంటుంది. నేల దగ్గర మైనస్ 2 డిగ్రీలు ఉండి, కిలోమీటరున్నర పైన ఒక పలచని వెచ్చటి పొర ఉందనుకుందాం. పైనుంచి మంచుగా బయల్దేరిన రేకు ఆ పొరలో కరిగిపోతుంది. కిందికి వచ్చేలోగా మళ్లీ గడ్డకడితే గాజు పూసల్లాంటి గట్టి మంచు గుళికలుగా పడుతుంది. గడ్డకట్టే వ్యవధి లేకపోతే వానగానే పడి, చెట్లకు, కరెంటు తీగలకు తగలగానే గాజు పూతలా అంటుకుంటుంది. ఆ పొర ఒక డిగ్రీ చల్లబడితే ఇవేవీ కాకుండా మామూలు మంచే పడుతుంది. ఒక్క డిగ్రీ తేడాలో మూడు రకాల రోజులు ఉన్నాయన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మంచు రేకులు కరిగేటప్పుడు చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని పీల్చుకుంటాయి. అందువల్ల గాలి చల్లబడుతుంది. జోరుగా పడితే గాలి వేగంగా చల్లబడి, వానే మంచుగా మారిపోతుంది. నెమ్మదిగా పడితే చల్లబడటం చాలక వానగానే ఉండిపోతుంది. ఎంత పడుతుందన్నదాన్ని బట్టి ఏం పడుతుందన్నది మారుతుంది. 2013 మార్చి 6న వాషింగ్టన్‌లో జరిగింది ఇదే. అయిదు నుంచి పది అంగుళాల దాకా పడుతుందని అంచనా. ఫెడరల్ కార్యాలయాలు మూసేశారు. గాలిని చల్లబరిచేంత జోరుగా నగరం మీద పడలేదు. విమానాశ్రయంలో అర అంగుళం కూడా పేరుకోలేదు. పడమర కొండల్లో మాత్రం అడుగుకు మించి పడింది.

జోరు విషయానికి వస్తే, తుఫాను అంటే ఒకే రకంగా పరుచుకున్న దుప్పటి కాదు. దాని లోపల 20, 30 మైళ్ల వెడల్పు ఉండే సన్నటి పట్టీలు తయారవుతాయి. పట్టీ కింద గంటకు రెండు మూడు అంగుళాల చొప్పున పడుతుంటే, పక్క ఊళ్లో అదే గంటలో పొడి చల్లినట్టు పడుతుంది. పట్టీలు వస్తాయని ముందు రోజే చెప్పొచ్చు. ఏ ఊరి మీద నిలుస్తాయన్నది చాలాసార్లు రాడార్‌లో కనబడ్డాక గానీ తేలదు.

ఈ తేడాలు ఎక్కడ పుడతాయో వెతుక్కుంటూ పోతే పసిఫిక్ మహాసముద్రం దాకా వెళ్లాలి. తూర్పు తీరంలో మంచు కురిపించే తుఫానుకు మూలమైన గాలి అల నాలుగైదు రోజుల ముందు చాలాసార్లు ఆ సముద్రం మీదే ఉంటుంది. గాలి పైపొరల్లో ఏం జరుగుతోందో నేరుగా కొలవడానికి రోజుకు రెండుసార్లు వాతావరణ బెలూన్లు ఎగరేస్తారు. అవి దాదాపు అన్నీ నేల మీద నుంచే. సముద్రం మీద ఉపగ్రహాలే దిక్కు. అవి చాలా చూస్తాయి గానీ, మేఘాలు దట్టంగా ఉన్న చోట, అంటే మనకు బాగా అవసరమైన చోటే, వాటి చూపు మసకబారుతుంది. అందుకే ఆ అల అమెరికా పశ్చిమ తీరం దాటి నేల మీదికి వచ్చాక మోడళ్లు ఒక్కసారిగా మాట మార్చిన సందర్భాలు ఉన్నాయి.

2000 జనవరి 24, 25 తేదీల తుఫాను ఇందుకు చేదు ఉదాహరణ. తుఫాను సముద్రంలోకి వెళ్లిపోతుందని మోడళ్లు చెప్పాయి. అది తీరాన్ని పట్టుకుని వచ్చింది. నార్త్ కరోలినాలోని రాలీలో 20.3 అంగుళాలు పడింది. రాత్రి ఏ భయమూ లేకుండా పడుకున్న వాషింగ్టన్ వాసులు పొద్దున్నే తుఫానులో లేచారు. తర్వాత ఎన్నో ఏళ్లు పరిశోధకులు ఈ ఒక్క తుఫానును విప్పి చూశారు. పసిఫిక్ మీద మొదటి లెక్కల్లో ఉన్న లోపాలు ఒక కారణంగా తేలాయి. ఉరుము మేఘాల స్థాయిలో పుట్టిన చిన్న తేడాలు ఒకటి రెండు రోజుల్లోనే తుఫాను మొత్తాన్ని మార్చగలవన్నది మరొకటి. రెండోది ఎక్కువ కలవరపెట్టే విషయం. మొదటిదాన్ని మంచి పరికరాలతో తగ్గించవచ్చు. రెండోది గాలి స్వభావమే.

వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో తన కంప్యూటర్‌లో 0.506127కు బదులు 0.506 అని కొట్టి, కాసేపటికి పూర్తిగా వేరే వాతావరణం కనబడితే నివ్వెరపోయిన కథ చాలామందికి తెలిసిందే. మొదట్లో చిటికెడు తేడా తర్వాత కొండంత అవుతుందన్న ఆ పాఠాన్ని పనిలో పెట్టడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. 1992 చివర్లో యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా కేంద్రం, అమెరికా వాతావరణ కేంద్రం రెండూ ఎన్‌సెంబుల్ అంచనాలు మొదలుపెట్టాయి. ఆలోచన సులువైనదే. ఇప్పటి వాతావరణం కచ్చితంగా తెలియదు కాబట్టి, తెలిసినదాన్నే కొద్దికొద్దిగా మార్చి మోడల్‌ను పదుల సార్లు నడుపుతారు. ఇవాళ యూరప్ మోడల్ 51 సార్లు నడుస్తుంది. అన్నీ ఒకే మాట చెబితే ధైర్యంగా ఉండొచ్చు. తలో మాట చెబితే ఆ అస్తవ్యస్తమే అసలు సమాచారం.

దీన్ని చదవడంలో ఒక ఉచ్చు ఉంది. 51 లెక్కల్లో సగం తుఫాను నగరం మీదికి వచ్చి 20 అంగుళాలు కురిపిస్తుందని, మిగతా సగం సముద్రంలోకి పోయి ఏమీ పడదని చెప్పాయనుకుందాం. సగటు తీస్తే 10 అంగుళాలు. టీవీలో "పది అంగుళాలు" అని చెబుతారు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ రోజు జరగడానికి అవకాశం దాదాపు లేనిది ఏదైనా ఉంటే, అది ఆ పది అంగుళాలే. ఒక్క అంకె అడిగేవాళ్లకు ఒక్క అంకె ఇచ్చి పంపితే వచ్చే చిక్కు ఇది.

అంకెను ఎప్పుడు మార్చాలన్నది కూడా లెక్కల ప్రశ్న కాదు, మనుషుల ప్రశ్న. 2017 మార్చి 14 తుఫానుకు న్యూయార్క్‌లో ఒకటిన్నర అడుగుకు పైగా మంచు అని చెప్పారు. ముందు రోజు మధ్యాహ్నానికల్లా కొన్ని మోడళ్లు వెచ్చటి గాలి లోపలికి వస్తుందని, మంచు తగ్గుతుందని చెప్పడం మొదలుపెట్టాయి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ నిపుణులు ఫోన్‌లో మాట్లాడుకుని, ఆఖరి నిమిషంలో హెచ్చరిక తగ్గిస్తే జనం నిర్లక్ష్యం చేస్తారని పెద్ద అంకెనే ఉంచారు. సెంట్రల్ పార్కులో 7.6 అంగుళాలు పడింది, దాంతో పాటు మంచు గుళికలు. ఈ సంగతి బయటికి వచ్చాక విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఆ నిపుణుల వాదనలో అర్థం లేకపోలేదు. గంటకోసారి అంకె మారుతుంటే వినేవాళ్లకు విసుగొస్తుంది, అదే రాష్ట్రం లోపలి ఊళ్లలో రెండున్నర అడుగుల పైన పడింది కూడా. అయినా తమకు తెలిసిన సందేహాన్ని దాచడం తప్పే. పెద్ద అంకెను ఉంచుతూనే, తగ్గే అవకాశం పెరిగిందని ఒక్క వాక్యం చెప్పి ఉండొచ్చు. జనం ఆ మాత్రం అర్థం చేసుకోలేరనుకోవడం ఏ మోడల్‌లోనూ లేని అంచనా.

అన్నీ తప్పులేనని కాదు. 1993 మార్చి 12 నుంచి 14 దాకా తూర్పు అమెరికాను కమ్మేసిన తుఫానును అయిదు రోజుల ముందే చెప్పారు. మంచు పడక ముందే కొన్ని రాష్ట్రాల గవర్నర్లు ఎమర్జెన్సీ ప్రకటించారు. అంతకు ముందు తరానికి అది ఊహకందని విషయం. 1979 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌ను ముంచిన తుఫానుకు ముందు రోజు కూడా సరైన హెచ్చరిక లేదు. 2016 జనవరి తుఫానును వాషింగ్టన్‌కు దాదాపు వారం ముందు నుంచీ చెబుతూ వచ్చారు. అంత మంచి అంచనాలో కూడా ఉత్తరపు అంచు తప్పింది. న్యూయార్క్‌కు ముందు రోజు అడుగు అటూ ఇటూగా చెప్పి, తుఫాను నడుస్తుండగా పెంచుకుంటూ పోవాల్సి వచ్చింది. చివరికి రెండడుగులు దాటింది. 2015లో అంచు జరిగి మంచు తగ్గింది, ఏడాది తిరక్కుండానే అదే నగరంలో అంచు జరిగి మంచు పెరిగింది. మొదటిది అందరికీ గుర్తుంది. రెండోది అంచనా తప్పు అని ఎవరికీ గుర్తులేదు, ఎందుకంటే మంచు బాగా పడింది!

అంచు అన్నమాట ఎంత నిజమో చూడాలంటే అమెరికా, కెనడా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల దగ్గరికి వెళ్లాలి. ఈరీ సరస్సు నీరు ఇంకా వెచ్చగా ఉండగానే కెనడా నుంచి చలిగాలి దాని మీదుగా వీస్తుంది. నీటికి, సుమారు కిలోమీటరున్నర పైనున్న గాలికి మధ్య 13 డిగ్రీల తేడా ఉంటే మంచు మేఘాలకు దారి తెరుచుకున్నట్టే. గాలి సరస్సు పొడవునా వీచినప్పుడు ఆ మేఘాలన్నీ ఒకే పట్టీగా కూడి, కొసన ఉన్న బఫెలో నగర పరిసరాల మీద కక్కుతాయి. 2014 నవంబరులో బఫెలోకు దక్షిణాన ఉన్న శివారుల్లో అయిదడుగులు దాటింది. కొన్ని మైళ్లు ఉత్తరాన కొన్ని అంగుళాలే. తెల్లటి గోడ నిలబెట్టినట్టు ఉన్న ఆ పట్టీని ఎండలో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. గాలి దిశ కొన్ని డిగ్రీలు మారితే ఆ గోడ మరో వీధికి పోతుంది. అలాంటి రోజున బఫెలోలో ఎంత పడుతుందని అడిగితే జవాబు ఉండదు. ఏ బఫెలోలో అని తిరిగి అడగాలి.

నష్టం కూడా అంగుళాల లెక్కన రాదు. 2014 జనవరి 28న అట్లాంటాలో పడింది రెండంగుళాలకు కాస్త ఎక్కువ. అసలు మంచు నగరానికి దక్షిణాన పడుతుందని ముందు అనుకున్నారు. గీత ఉత్తరానికి జరిగిందని తెల్లవారుజామున హెచ్చరిక మార్చేసరికి జనం పనులకు బయల్దేరే వేళైంది. మధ్యాహ్నం స్కూళ్లు, ఆఫీసులు ఒకేసారి వదిలేశారు. రోడ్లు అద్దంలా గడ్డకట్టాయి. వేల మంది రాత్రంతా కార్లలో ఉండిపోయారు, పిల్లలు స్కూళ్లలోనే పడుకున్నారు. ముందు జాగ్రత్తకు అయ్యే ఖర్చు, జాగ్రత్త పడకపోతే వచ్చే నష్టంలో పదో వంతే అయితే, ప్రమాదం జరిగే అవకాశం పది శాతం దాటితే చాలు, జాగ్రత్త పడటమే లాభం. ఆ లెక్కలో పదిలో దాదాపు తొమ్మిదిసార్లు ఊరికే సెలవు ఇచ్చినట్టు కనబడుతుంది. ఇది అర్థం కానంత కాలం 2015 న్యూయార్క్‌లో మూసినందుకు, 2014 అట్లాంటాలో మూయనందుకు, రెంటికీ తిట్లు తప్పవు.

నేషనల్ వెదర్ సర్వీస్ ఇప్పుడు ఒక అంకెతో పాటు మరో రెండు కూడా ఇస్తోంది. ఇంతకంటే తక్కువ పడే అవకాశం పదిలో ఒకటి, ఇంతకంటే ఎక్కువ పడే అవకాశం పదిలో ఒకటి అని. "8 అంగుళాలు" కంటే "8, కానీ 2 కావచ్చు, 15 కూడా కావచ్చు" అన్నది ఎక్కువ నిజాయితీ ఉన్న మాట. అయితే సోషల్ మీడియాలో తిరిగేది ఇది కాదు. పది రోజుల తర్వాతి తుఫానుకు ఒకే మోడల్ ఒకే పూట ఇచ్చిన మ్యాప్, గులాబీ, ఊదా రంగులతో నిండి ఉంటుంది. దాన్ని పెట్టినవాళ్లు ఆరు గంటల తర్వాత వచ్చిన తర్వాతి లెక్కలో ఆ రంగులు మాయమైన సంగతి పెట్టరు. అలాంటి మ్యాపుల్లో చాలావాటికి మంచు గుళికలను కూడా పదికొకటి లెక్కన మామూలు మంచుగా కలిపేసే అలవాటు ఉంది. గీత దగ్గరున్న ఊళ్లకు అవి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తాయి.

ఏఐ మోడళ్లు కూడా రంగంలోకి దిగాయి. యూరప్ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ను రోజువారీ పనిలోకి తెచ్చింది. అల్పపీడనం దారి చెప్పడంలో అవి పాత మోడళ్లతో గట్టిగానే పోటీ పడుతున్నాయి. మొదటి లెక్కల్లో ఉన్న మసక మాత్రం వాటికీ అంతే. సన్నటి పట్టీలను, ఒక డిగ్రీ తేడాలను చూడాలంటే అవి ఇంకా ముతకగానే ఉన్నాయి.

ఇన్ని చెప్పుకున్నాక, పడ్డ మంచును కొలవడమైనా సులువనుకుంటే అదీ కాదు. తెల్లటి చెక్క పలక మీద పడ్డ మంచును స్కేలుతో కొలిచి, తుడిచి, మళ్లీ పెడతారు. ఆరు గంటలకు ఒకసారి కంటే ఎక్కువ సార్లు తుడవకూడదు. పదే పదే తుడిస్తే మంచు తన బరువుకు తానే అణిగే వ్యవధి ఉండదు, మొత్తం కలిపినప్పుడు ఎక్కువ వస్తుంది. 2016 జనవరిలో వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయంలో కొలతకు పెట్టిన పలకే మంచులో కూరుకుపోయి కనబడకుండా పోయింది. వాళ్లు చెప్పిన 17.8 అంగుళాల మీద రభస జరిగి విచారణ వేశారు. ఆ అంకెను అలాగే ఉంచారు. అదే విచారణలో న్యూజెర్సీలోని న్యూవర్క్ విమానాశ్రయం కొలతను పక్కన పెట్టేశారు. సెంట్రల్ పార్కులో మొదట ప్రకటించింది 26.8 అంగుళాలు, 2006 నాటి రికార్డుకు అంగుళంలో పదో వంతు తక్కువ. మూడు నెలల తర్వాత, మంచు ఎప్పుడో కరిగిపోయాక, దాన్ని 27.5గా సరిదిద్దారు. అప్పుడు గానీ అది రికార్డు కాలేదు.